ఆన్‌లైన్‌లో సాహిత్యం కోర్సు: వీడియో కంటే ముందు పద్యం

డిగ్రీలో తెలుగో ఇంగ్లీషో ప్రధానంగా తీసుకున్నవాళ్లే కాదు, బీకాం చదివే పిల్లలు, ఉద్యోగం చేస్తూ మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు, పిల్లలు బడికి పోయాక తీరిక దొరికే తల్లులు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లో సాహిత్యం కోర్సుల్లో చేరుతున్నారు. ప్రొద్దుటూరులోనో కదిరిలోనో ఆదోనిలోనో కూర్చుని ఎక్కడో ఐఐటీ ప్రొఫెసరు చెప్పే పాఠం వినొచ్చు. అంతవరకూ బాగానే ఉంటుంది. మూడో వారం వచ్చేసరికి మాత్రం చాలామంది ఒకే మాట అంటారు: "వీడియోలు అన్నీ చూశాను, అర్థమైనట్టే ఉంది, అసైన్‌మెంట్ దగ్గర చెయ్యి ఆడటం లేదు."

దీనికి కారణం తెలివి తక్కువై కాదు, చదివే వరుస తారుమారై. చరిత్ర, ఎకనామిక్స్ లాంటి సబ్జెక్టుల్లో లెక్చరే పాఠం. సాహిత్యంలో పాఠం అంటే ఆ పద్యం, ఆ కథ, ఆ నాటకం. వీడియో దాని మీద ఇంకొకరు చెప్పిన మాట. ముందు ఆ మాట విని తర్వాత పద్యం చూస్తే, మీకు పద్యం కనిపించదు, ఆయన చెప్పిందే కనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో పని ఏ వరుసలో చేయాలన్నదే ముఖ్యంగా చెబుతాను.

1. చేరే ముందు కాగితాల పని

ఇది సాహిత్యం కాదు, కానీ ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. 2017లో మొదలైన, కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సులు అందించే స్వయం పోర్టల్‌లో కోర్సు అంటే నాలుగు భాగాలు: వీడియో పాఠాలు, చదువుకునే సామగ్రి, స్వీయ పరీక్షలు, చర్చా వేదిక. చేరడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం పరీక్షకు వేరుగా రిజిస్టర్ చేసుకుని ఫీజు కట్టాలి, కేంద్రానికి పోయి రాయాలి. చేరిపోయాం కదా అని ఊరుకుని పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు దాటబెట్టుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

స్వయంలో ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల పథకం) నడిపే కోర్సు అయితే లెక్క ఇలా ఉంటుంది. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సులో బాగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లను లెక్కలోకి తీసుకుంటారు. పాసవడానికి 25కి కనీసం 10, 75కి కనీసం 30, రెండూ విడివిడిగా రావాలి. పరీక్ష ఎంత బాగా రాసినా అసైన్‌మెంట్లు ఎగ్గొడితే సర్టిఫికెట్ రాదు.

డిగ్రీ క్రెడిట్ల కోసం చేస్తుంటే ఇంకో మాట. ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా చేయడానికి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2021 నిబంధనలు వీలిచ్చాయి. అయితే ఏ కోర్సును ఒప్పుకోవాలో మీ కాలేజీ, యూనివర్సిటీ నిర్ణయిస్తాయి. యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ, రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో దేని కింద చదువుతున్నా సరే, చేరకముందే మీ విభాగంలో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చాలదు.

తేదీలన్నీ ఫోన్ క్యాలెండర్‌లో వేసుకుని, గడువుకు రెండు రోజుల ముందు మోగేలా అలారం పెట్టుకోండి. కాగితాల పని అంతే, ఇక అసలు విషయానికి వద్దాం.

2. మూలం చేతిలో ఉండాలి

వీడియోలో తెర మీద కనిపించే నాలుగు లైన్లతో సరిపెట్టుకోవద్దు. రచన మొత్తం సంపాదించండి. పాత తెలుగు కావ్యాలు, శతకాలు తెలుగు వికీసోర్స్‌లోనూ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి. కాపీరైటు తీరిన ఇంగ్లీషు రచనలకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఉంది. పాత మాటల అర్థాలకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేసారి చాలా నిఘంటువులు వెతకొచ్చు, 1852 నాటి సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుతో సహా.

దొరికిన దాన్ని ఫోన్‌లో చదవడం కంటే జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోవడం మేలు. పక్కన ఖాళీ ఎక్కువ వదిలి, ఒకవైపే ప్రింటు చేయమని చెప్పండి. పెన్సిల్ ఆడటానికి చోటు లేకపోతే ఈ పని సాగదు. కడపలో ఉండేవాళ్లకు ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. కూర్చుని చదువుకోవడానికి అంతకంటే తగిన చోటు ఈ కోర్సుకు ఇంకోటి ఉండదు, ఎందుకంటే బ్రౌన్ చేసిన పనే విశ్లేషణకు మొదటి మెట్టు. వేమన పద్యాల రాతప్రతులు పోగు చేసి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, 1829లో అచ్చు వేయించాడాయన. ముందు పాఠం సరిగ్గా ఉందా అని చూసుకున్నాకే దాని గురించి మాట్లాడాలి.

3. మూడుసార్లు చదవండి, తర్వాతే వీడియో

మొదటిసారి ఆగకుండా, అర్థం కాని మాటలు వదిలేస్తూ. రెండోసారి పైకి, గొంతెత్తి. ఇంట్లో నవ్వుతారనిపిస్తే మిద్దె మీదికి పోయి చదువుకోండి, కానీ పైకి చదవడం మాత్రం మానొద్దు. చెవికి తగిలేవి కంటికి తగలవు. మూడోసారి పెన్సిల్‌తో: మళ్లీ మళ్లీ వచ్చిన మాటకు గుండ్రం చుట్టండి, వింతగా అనిపించిన చోట ప్రశ్నగుర్తు పెట్టండి, మలుపు తిరిగిన చోట అడ్డగీత గీయండి.

ఆ తర్వాత వీడియో. డేటా తక్కువైతే 360పీలో చూసినా నష్టం లేదు, ఇక్కడ బొమ్మతో పని లేదు. ప్రొఫెసరు చెప్పింది మీరు పెట్టిన ప్రశ్నగుర్తుల్లో దేనికి జవాబయిందో, దేన్ని ఆయన అసలు ముట్టుకోలేదో రాసుకోండి. ఆయన ముట్టుకోనిదే రేపు మీ వ్యాసానికి విషయం.

ఇంగ్లీషు సాహిత్యం కోర్సు చేసే తెలుగు మీడియం వాళ్లకు నా సలహా ఒకటే. విశ్లేషణ అనే పని ముందు తెలుగు పద్యం మీద నేర్చుకోండి. భాష తెలియక ఆగుతున్నామా, విశ్లేషణ రాక ఆగుతున్నామా అన్నది అప్పుడు తేలిపోతుంది. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని లేని టెన్షన్ పడతారు.

4. దగ్గరగా చదవడం: ఒక పద్యం మీద చేసి చూద్దాం

అందరికీ నోటికి వచ్చిన పద్యమే తీసుకుందాం. నోటికి రావడం వేరు, చదవడం వేరు కాబట్టి.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

మొదట పాఠం సంగతి. చాలామంది రెండో పాదాన్ని "జాడ వేరయా" అని చదువుతారు. ఏది సరి? ఇది ఆటవెలది అనే ఛందస్సు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు ('చూడ', 'రుచుల' లాంటి చిన్న అక్షరాల గుంపులు), రెండు ఇంద్రగణాలు ('వేరయా' లాంటి, అంతకంటే పెద్ద గుంపులు) రావాలి. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. ఐదు అయిపోయాయి. "వేరయా" అంటే ఒక అక్షరం మిగిలిపోతుంది. మూడో పాదంలో చివరిది ఇంద్రగణం కాబట్టి అక్కడ "వేరయా" చక్కగా ఇముడుతుంది. కింది పాదం మాట పై పాదంలోకి ఎక్కిందన్నమాట. గణాలు కట్టడం పరీక్షలో రెండు మార్కుల కోసమే అనుకునేవాళ్లకు ఇది చూపించండి.

ఇప్పుడు మాటల దగ్గరికి వద్దాం. ఉప్పు, కప్పురం చూడటానికి ఒకేలా ఉంటాయని పద్యం అంటోంది. పైకి చదివితే అవి వినడానికీ దగ్గరగా ఉన్నాయని తెలుస్తుంది, రెండింటిలోనూ "ప్పు" ఉంది. కంటికి ఉన్న పోలిక చెవికీ వచ్చింది. మూడో పాదం చూడండి: పురుషులు, పుణ్యపురుషులు. ఒకే మాట రెండుసార్లు, రెండోదానికి ముందు రెండక్షరాలు చేరాయి. మనుషులందరూ ఒకేలా కనిపిస్తారు, తేడా చాలా చిన్నచోట ఉంటుంది అన్న సంగతి ఆ మాటల అమరికలోనే ఉంది.

అసలు కీలకం రెండో పాదంలో ఉంది. రుచి తెలిసేది నాలుకకు. కవి "చూడ చూడ" అంటున్నాడు. మనం రోజూ "కూర రుచి చూడు" అంటాం కాబట్టి ఇందులో వింతేమీ తోచదు. కానీ మొదటి పాదమంతా కంటిచూపు గురించి చెప్పి, వెంటనే అదే చూపు మాటను నాలుక పనికి వాడటంతో, ఒక రకం చూడటం పోయి ఇంకో రకం చూడటం వచ్చింది. పైగా ఒకసారి కాదు, చూడ చూడ, అంటే మళ్లీ మళ్లీ. ఒక్క చూపులో తేలే విషయం కాదిది.

ఇక పద్యం చెప్పనిదేంటి? పుణ్యపురుషులు వేరని మూడో పాదం తేల్చి చెప్పింది, ఎలా వేరో చెప్పలేదు. వాళ్లను గుర్తుపట్టే పద్ధతీ చెప్పలేదు. ఆ పద్ధతి రెండో పాదంలో ఉప్పు కప్పురాల మీద పెట్టి వదిలేశాడు, తెచ్చి ఇక్కడ వాడుకోవాల్సింది చదివేవాళ్లు. ఇంకో చిక్కు కూడా ఉంది: ఈ రెండింటిలో పుణ్యపురుషుడు ఎవరు, ఉప్పా కప్పురమా? కప్పురమే అని అందరూ అనేస్తారు. పద్యంలో ఆ మాట లేదు. ఉప్పు లేకుండా పూట గడవని ఇంట్లో ఈ ప్రశ్నకు ఇంకో జవాబు రావచ్చు. ఇలాంటి చోట తొందరపడి మూసేయకండి, తెరిచే ఉంచండి.

ఇది దృష్టాంతాలంకారం, అంటే ఒక సంగతిని దానికి అద్దంలాంటి ఇంకో సంగతితో చూపించడం, అని రాస్తే తప్పు కాదు. అక్కడితో ఆగితేనే తప్పు. అలంకారానికి పేరు పెట్టడం మనిషి పేరు అడగడం లాంటిది, పరిచయం అప్పుడే మొదలవుతుంది. నాలుగో పాదం మకుటం, ప్రతి పద్యానికీ వచ్చేదే కాబట్టి దాని మీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు.

5. గమనించినదాన్ని వాదనగా మార్చడం

పైన రాసినవన్నీ గమనికలు. వ్యాసానికి ఒక వాదన కావాలి. ఈ రెండు వాక్యాలు చూడండి:

"ఈ పద్యంలో వేమన మంచివాళ్లు వేరుగా ఉంటారని చక్కగా చెప్పాడు."

"మంచివాణ్ణి గుర్తుపట్టడం కంటితో అయ్యేది కాదు, మళ్లీ మళ్లీ కలిగే అనుభవంతోనే అవుతుందని ఈ పద్యం సూచిస్తుంది. ఆ సూచన నీతి చెప్పే మూడో పాదంలో కాక, ఉపమానం చెప్పే రెండో పాదంలో ఉంది."

మొదటిదాన్ని ఎవరూ కాదనరు, అందుకే దానితో వ్యాసం నడవదు. రెండోదాన్ని ఒకరు కాదనొచ్చు, నిరూపించమని అడగొచ్చు. కాదనడానికి వీలున్నదే వాదన. "చక్కగా", "అద్భుతంగా", "హృద్యంగా" అనే మాటలు కనిపిస్తే కొట్టేయండి. అవి మీ మెప్పుదల చెబుతాయి, పద్యం గురించి ఏమీ చెప్పవు. మన దగ్గర చాలా వ్యాసాలు పొగడ్తతో మొదలై పొగడ్తతో ముగుస్తాయి, మధ్యలో భావం ఉంటుంది. ఆ అలవాటు స్కూల్లో పడింది, ఇక్కడ వదిలించుకోవాలి.

పేరా రాసేటప్పుడు నేను చెప్పే కొలత ఇది: ముందు చెప్పదలుచుకున్నది ఒక వాక్యంలో, తర్వాత మూలం నుంచి నాలుగైదు మాటలు, ఆ తర్వాత ఆ మాటల గురించి కనీసం రెండు మూడు వాక్యాలు. ఉదాహరణకు:

"మొదటి రెండు పాదాల్లో కవి చూపుకు ఉన్న హద్దును చూపిస్తాడు. ఉప్పు కప్పురాలు 'ఒక్క పోలికనుండు' అన్నప్పుడు కన్ను పని ముగిసింది. తర్వాత వచ్చే 'చూడ చూడ' కంటి గురించి కాదు, 'రుచుల జాడ' గురించి. ఒకే క్రియ ఒక ఇంద్రియం నుంచి ఇంకోదానికి మారింది. మాట రెండుసార్లు రావడంతో ఆ పరీక్షకు సమయం పడుతుందన్న భావం కూడా చేరింది. కాబట్టి మూడో పాదంలోని 'పుణ్యపురుషులు' చూడగానే తెలిసేవాళ్లు కాదు, మసలి తెలుసుకోవాల్సినవాళ్లు."

ఇందులో వేమన జీవితం లేదు, ఆయన కాలం లేదు, కటారుపల్లె సమాధి లేదు. ప్రశ్న అడిగితే తప్ప వాటిని తేవొద్దు. కవి పరిచయంతో అర పేజీ నింపితే మార్కులు పడతాయన్న నమ్మకం ఆన్‌లైన్ కోర్సులో పనిచేయదు.

6. కథ దగ్గర అడగాల్సినవి

కథలో మొదటి ప్రశ్న "ఏం జరిగింది" కాదు, "ఎవరు చెబుతున్నారు" అని. ఈ వ్యాసం కోసం నేను అల్లిన నాలుగు వాక్యాలు చూడండి:

ఎండకు బావి గట్టు మీద చెయ్యి పెట్టలేకుండా ఉంది. ఓబులమ్మ బిందె దించింది. "నీళ్లు యాడుండాయి మామా?" అంది. ముసలాయన లోపలికి తొంగి చూసి, "మొన్నటి దాకా ఉండె" అన్నాడు.

కరువు అన్న మాట ఎక్కడా లేదు. "మొన్నటి దాకా" ఆ పని చేసింది. మాటలు మన సీమ యాసలో ఉన్నాయి, కథనం మాత్రం పుస్తక భాషలో ఉంది. అంటే చెప్పే మనిషి ఆ బావి గట్టు మీద లేడు, కొంచెం దూరంగా నిలబడ్డాడు. కథనం కూడా యాసలోనే నడిస్తే ఆ దూరం పోతుంది. రాయలసీమ కథ ఏది చదివినా ఈ ప్రశ్న వేసుకోండి: యాస సంభాషణల దగ్గరే ఆగిందా, కథకుడి నోట్లోకి కూడా వచ్చిందా?

ఇంకో చిన్న కసరత్తు. ఓబులమ్మ "నేను" అంటూ చెప్పినట్టు ఆ నాలుగు వాక్యాలు తిరగరాయండి. ఏది పోయిందో, ఏది కొత్తగా వచ్చిందో రాసుకోండి. దృష్టికోణం గురించి నిర్వచనాలు ఎన్ని చదివినా ఇంత తేటగా తెలియదు. కాలం సంగతి, పాత్రల సంగతి, స్థలం సంగతి కూడా ఇలాగే: ఒకటి మార్చి చూస్తే దాని పని ఏంటో బయటపడుతుంది.

నాటకానికి ఒక్క మాట చాలు. పాత్రలు పంచుకుని పైకి చదవండి, వాట్సాప్ కాల్‌లో అయినా సరే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం పేరు ఈ కోర్సులో ఎక్కడో ఒకచోట తగులుతుంది. రంగస్థలం మీద కనబడేది, తెర వెనక జరిగి మాటల్లో మాత్రమే తెలిసేది, ఈ రెండింటినీ రెండు నిలువు వరుసల్లో రాసుకుంటే నాటక విశ్లేషణ సగం అయినట్టే.

7. విమర్శకులు, గైడ్లు, ఏఐ

మీ గమనికలు మీరు రాసుకున్నాకే విమర్శ చదవండి. అప్పుడు విమర్శకుడితో మాట్లాడినట్టుంటుంది, లేకపోతే పాఠం అప్పజెప్పించుకున్నట్టుంటుంది. తెలుగులో సూటిగా, పొగడ్త లేకుండా విమర్శ ఎలా రాయాలో చూడాలనుకుంటే కడప జిల్లా మనిషే అయిన రాచమల్లు రామచంద్రారెడ్డి వ్యాసాలు తీయండి. ఆయన తీర్పులన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ప్రతి తీర్పుకూ మూలం నుంచి ఏ ఆధారం చూపిస్తున్నాడో గమనించండి చాలు.

చాట్‌బాట్ సంగతి. "ఈ పద్యం విశ్లేషించు" అని అడిగితే నున్నగా ఒక పేజీ ఇస్తుంది. అందులో సగం ఏ పద్యానికైనా సరిపోయే మాటలు, పైగా లేని పంక్తులు ఉన్నట్టు చూపించే ప్రమాదం ఉంది. కోర్సు నియమాలు ఒప్పుకుంటే దాన్ని తిరగేసి వాడండి: మీ వాదన ఇచ్చి, దీన్ని ఎలా కాదనొచ్చో అడగండి. వచ్చిన అభ్యంతరాలకు మూలం నుంచి మీరే జవాబు వెతకండి. రాత మాత్రం మీదే కావాలి.

ఎవరి మాట తీసుకున్నా పేరు చెప్పండి. పద్యమైతే ఏ పాదమో, కథ అయితే ఏ పేజీయో రాయండి. ఇంగ్లీషు కోర్సుల్లో సాధారణంగా ఎంఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) వారి ఆధారాలు చూపే పద్ధతి అడుగుతారు, దాని తొమ్మిదో కూర్పు 2021లో వచ్చింది. పాత కూర్పు చూసి రాసిన గైడ్లు నెట్‌లో ఇంకా తిరుగుతున్నాయి, చూసుకోండి.

8. చర్చ, అసైన్‌మెంట్, పరీక్ష

చర్చా వేదికలో "మంచి పాఠం సార్, ధన్యవాదాలు" అని రాయడం వల్ల లాభం లేదు. ఒక పంక్తి ఎత్తి, దాని మీద ఒక అనుమానం పెట్టండి. "కప్పురమే పుణ్యపురుషుడని ఎందుకు అనుకుంటున్నాం?" లాంటి ప్రశ్నకు జవాబులు వస్తాయి, ఆ జవాబులతో మీ వాదన గట్టిపడుతుంది.

వ్యాసం గూగుల్ డాక్స్‌లో యూనికోడ్ తెలుగులో టైపు చేయండి. పాత ఫాంట్లలో చేస్తే అవతలివాళ్లకు డబ్బాలు కనిపిస్తాయి. కీబోర్డు అలవాటు లేనివాళ్లు ఫోన్‌లో మాట్లాడి టైపు చేయొచ్చు, కానీ పద్యాలను మాత్రం చేత్తోనే కొట్టండి. యంత్రం "కప్పురంబు"ను ఏమేమో చేస్తుంది. ఒకరోజు పక్కన పెట్టి, మర్నాడు పైకి చదివి దిద్దండి.

ఎన్‌పీటెల్ కోర్సుల్లో అసైన్‌మెంట్లు ఎక్కువగా బహుళైచ్ఛిక ప్రశ్నలే. అలాంటప్పుడు ఇంత దగ్గరగా చదవడం ఎందుకని అడుగుతారు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో రెండు ఎప్పుడూ నిజంలాగే ఉంటాయి. మూలంలో ఆధారం ఉన్నది ఏదో, వినడానికి బాగున్నది ఏదో విడదీయగలిగినవాళ్లకే మార్కు. ప్రతి జవాబు పక్కనా "ఏ పాదం?" అని మిమ్మల్ని మీరే అడిగి, చూపించలేని దాన్ని కొట్టేయండి.

రాసి పెట్టే వ్యాసమైతే గడువు రోజు రాత్రి దాకా ఆగకండి. ఆ వేళ సైటూ మొరాయిస్తుంది, కరెంటూ పోతుంది. సబ్మిట్ అయ్యాక వచ్చే పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మార్కులు వచ్చాక అంకె చూసి మూసేయకుండా, దిద్దినవాళ్లు రాసిన వ్యాఖ్యలో ఒక్కటి తీసుకుని ఆ పేరాను మళ్లీ రాయండి. తర్వాతి అసైన్‌మెంట్ మొదలుపెట్టేది ఆ పేరా పూర్తయ్యాకే.